కేసీ కాలువలో సొరచేప

ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల్లో బడి వార్షికోత్సవాలు జరిపించే హెడ్మాస్టర్లకు, హెడ్‌మిస్ట్రెస్‌లకు, కరస్పాండెంట్లకు బహిరంగ లేఖ



సంక్రాంతి సెలవులు ముగిసి బడి తెరిచిన వారం నుంచీ మీ అందరికీ ఒకటే పని, యాన్యువల్ డే. టెంటు హౌసుకు అడ్వాన్సు ఇవ్వాలి, డీజే వాళ్లతో బేరమాడాలి, డ్రెస్సులకు తలా ఇంత అని డైరీల్లో రాసి పంపాలి, ముఖ్య అతిథి డేటు కోసం తిరగాలి. ఇన్నిటి మధ్య పాటల లిస్టు మాత్రం ఒక సాయంత్రం స్టాఫ్‌రూములో, డ్యాన్స్ మాస్టరు ఫోన్లో రీల్స్ తిప్పుతుండగా, పది నిమిషాల్లో తేలిపోతుంది. ఆ పది నిమిషాల గురించే ఈ లేఖ.

నేను కర్నూల్లో ఉంటాను. పుట్టిల్లు ప్రొద్దుటూరు. నా కూతురూ, మా అన్న కొడుకూ ఇద్దరూ చిన్న తరగతుల్లోనే ఉన్నారు కాబట్టి రెండు జిల్లాల స్టేజీలూ చూసే యోగం నాకుంది. పోయినేడు ఒక బడిలో ఎల్‌కేజీ పిల్లలు రోజూ నేర్చుకుంటున్న ‘బేబీ షార్క్’ పాటను ఇంకేం ప్రోగ్రాం దగ్గర పడిందనగా లిస్టులోంచి తీసేశారు. బడి పేరు చెప్పను, మీలో చాలామందికి అది వర్తిస్తుంది. ఎందుకు తీసేశారని అడిగితే, “అర్థం పర్థం లేని పాట మేడమ్, పేరెంట్స్ నవ్వుతారు” అన్నారు. అదే స్టేజీ మీద, అదే రాత్రి, మూడో తరగతి పిల్లలు ‘కుర్చీ మడతపెట్టి’ ఆడారు. పేరెంట్స్ ఈలలు వేశారు. వన్స్‌మోర్ కూడా అయింది.

అర్థం లేదని ఒక పాటను దించేశారు. అర్థం ఉండబట్టే పిల్లల నోట రాకూడని పాటను ఎక్కించారు. నా ఫిర్యాదంతా ఇంతే. మిగతాదంతా దానికి వివరణ.

ముందు సొరచేప సంగతి చూద్దాం. ఆ పాటను రాసింది ఎవరో ఇప్పటికీ తెలీదు. అమెరికాలో పిల్లల వేసవి క్యాంపుల్లో రాత్రిపూట నెగడు చుట్టూ కూర్చుని, చేతుల్ని సొరచేప నోరులా తెరుస్తూ మూస్తూ పాడుకునే ఆటపాట అది. సియోల్‌లోని పింక్‌ఫాంగ్ అనే కంపెనీ దాన్ని తీసుకుని, రంగురంగుల సముద్రం ముందు ఇద్దరు పిల్లల్ని ఆడించి, 2016 జూన్‌లో యూట్యూబ్‌లో పెట్టింది. రెండుంపావు నిమిషాల వీడియో. 2020 నవంబరుకల్లా యూట్యూబ్‌లో ప్రపంచమంతా ఎక్కువగా చూసిన వీడియో అయింది. 2022 జనవరిలో వెయ్యి కోట్ల వ్యూస్ దాటింది. భూమ్మీద మనుషులు అంతమంది లేరు. అంటే ఒక్కో పిల్ల ఎన్నిసార్లు చూసిందో, పక్క గదిలో ఒక్కో తల్లి ఎన్నిసార్లు విన్నదో మీరే లెక్కేసుకోండి. అంతకుముందే ఆ పాటను తన పద్ధతిలో రికార్డు చేసుకున్న అమెరికా గాయకుడొకాయన, అది నాదని కొరియా కోర్టుకెక్కాడు. 2025 ఆగస్టులో అక్కడి సుప్రీంకోర్టు ఆయన కేసు కొట్టేసింది.

పెద్దవాళ్లు ఆ పాటతో చేసిన పనులు చూస్తే నాకు భలే వింతగా ఉంటుంది. 2019లో ఫ్లోరిడాలోని వెస్ట్ పామ్ బీచ్‌లో, ఇల్లూ వాకిలీ లేనివాళ్లు చెరువుగట్టు మంటపం దగ్గర పడుకోకుండా రాత్రంతా ఈ పాటను మైకులో వాయించారు. ఓక్లహోమాలో ఒక జైల్లో ఖైదీలను గోడకు కట్టేసి నిలబెట్టి, గంటల తరబడి ఇదే పాట వినిపించారని సిబ్బంది మీద 2020లో కేసు పెట్టారు. అదే 2019లో వాషింగ్టన్ బేస్‌బాల్ జట్టు ఆటగాడొకడు తన చిన్నకూతురికి ఇష్టమని ఈ పాట పెట్టించుకుని మైదానంలోకి దిగేవాడు. స్టేడియమంతా చేతులు నోళ్లు చేసి చప్పట్లు కొట్టేది. ఆ ఏడు ఆ జట్టే ఛాంపియన్ అయింది. లెబనాన్‌లో సర్కారు మీద జనం తిరగబడి రోడ్లెక్కిన 2019 అక్టోబరులో, ఒక తల్లి కారు గుంపు మధ్య ఇరుక్కుంది. లోపల పసివాడు ఉన్నాడని ఆమె చెప్పగానే, చుట్టూ అరుస్తున్న నిరసనకారులు అరుపులు ఆపి ఆ పిల్లాడి కోసం బేబీ షార్క్ ఆడిపాడారు. పాట ఒకటే. దాన్ని పట్టుకుని ఒకరు మనిషిని తరిమారు, ఒకరు హింసించారు, ఇంకొకరు పసివాణ్ణి ఊరడించారు. పాట మంచిచెడ్డలు తేల్చే ముందు, దాన్ని ఎవరు ఎవరికి ఎందుకు పెట్టారో అడగాలని నేననేది ఇందుకే.

ఇక మన ఊళ్ల సంగతి. కర్నూలు పిల్లలకు సముద్రం సినిమాల్లో తప్ప తెలీదు. ఎండాకాలం హంద్రీలో నీళ్లు కనపడితేనే గొప్ప. కడప వాళ్లు అల చూడాలంటే నెల్లూరు దిక్కు బస్సెక్కాలి. రెండు జిల్లాలనూ కలిపే నీళ్లంటే కేసీ కాలువే. సుంకేసుల దగ్గర తుంగభద్రలో మొదలై కడప దాకా మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు పోతుంది. పైర్లకు నీళ్లూ పారించొచ్చు, పడవలూ నడపొచ్చు అని 1860లలో ఒక ఇంగ్లీషు కంపెనీ దాన్ని తవ్వించి, నష్టపోయి, 1882లో సర్కారుకు అమ్ముకుంది. కడప కొసకు నీళ్లెప్పుడొస్తాయోనని రైతులు ఇప్పటికీ లెక్కలేసుకుంటూనే ఉన్నారు. అలాంటి కాలువలో సొరచేప ఉందా అని మా అన్న కొడుకు అడిగాడు. ఉందన్నాను. ఇంకేం చెప్పమంటారు?

ఆ పాటను వాడు మా అమ్మకు, అంటే వాళ్ల జేజికి, నేర్పిన తీరు మీరు చూసి ఉంటే లిస్టులోంచి దాన్ని తీసేసేవాళ్లు కాదు. బొటనవేలు, చూపుడువేలు కలిపి విడదీస్తే పిల్ల సొర. రెండు అరచేతులు కలిపి తెరిస్తే తల్లి. మోచేతుల దాకా చాచితే తండ్రి. అవ్వ సొర దగ్గరకొచ్చేసరికి వేళ్లు లోపలికి ముడవాలి. ఎందుకంటే అవ్వకు పళ్లుండవు. జేజి రెండుసార్లు తప్పు చేసింది. వాడికి విసుగొచ్చి, “జేజీ, నువ్వు చేతులు ఎత్తబాక. ఊరికే నోరు తెరువు, చాలు” అన్నాడు. ఆ పొద్దు ఆమె కట్టుడుపళ్లు గ్లాసులో ఉన్నాయి. “ఏం పాటనో ఏమో, తలా తోకా లేదు” అని అంతసేపూ గొణిగిన మనిషి, నవ్వి నవ్వి మంచం పట్టె పట్టుకుంది.

పిల్లలకు ఆ పాట ఎందుకు పట్టుకుందో ఆ మంచం దగ్గరే అర్థమవుతుంది. అందులో ఇల్లంతా ఉంది. పిల్ల, అమ్మ, నాయన, అవ్వ, తాత వరసగా వస్తారు. వేళ్లతో మొదలైన చేష్ట భుజాల దాకా పెరుగుతుంది. తర్వాత ఒకరినొకరు తరుముకుంటారు, కాసేపు భయం, ఆపైన హమ్మయ్య అనుకోవడం, అంతటితో అయిపోయింది. తర్వాత ఏమొస్తుందో ముందే తెలుసుండటం పెద్దవాళ్లకు విసుగు. నాలుగేళ్ల పిల్లకు అదే సంబరం. ప్రపంచంలో తనకు ముందే తెలిసిన సంగతులు దానికి ఎన్ని ఉంటాయని? అందుకే మళ్లీ పెట్టు, మళ్లీ పెట్టు అంటుంది.

మనం ఇలాంటివి ఎరగమా? గుడుగుడు గుంచంలో పిడికిలి మీద పిడికిలి పెట్టినప్పుడు అర్థం ఎవరు అడిగారు? చెమ్మచెక్క ఆడి చేతులు ఎర్రబారించుకున్నప్పుడు, కాళ్లు బార్లా చాపి వరసగా కూర్చుని కాళ్లాగజ్జ ఆడినప్పుడు, ఏ పంతులు వచ్చి తాత్పర్యం చెప్పాడు? ఈ మధ్య వాట్సాప్‌లో ఆ కాళ్లాగజ్జ పాట అసలు చర్మవ్యాధికి పూర్వీకులు చెప్పిన మందుల చీటీ అని ఒక మెసేజు తిరుగుతోంది. పిల్లల పాటకు ఏదో ఒక ఉపయోగం అంటగడితే గానీ మనకు మనసొప్పదు కాబోలు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులను జనం రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అని పిలుచుకున్నారంటే, వాళ్లు పిల్లల అల్లరిని అల్లరిగానే మైకు ముందుకు తెచ్చారు కాబట్టి. 1945లో వాళ్లు మొదలుపెట్టిన ‘బాల’ పత్రిక కూడా అదే పని చేసింది.

‘కొలవెరి’ వచ్చిన రోజులు మీకు గుర్తుండాలి. 2011 నవంబరు. ధనుష్ పాడితే, అనిరుధ్ బాణీ కడితే, సగం తమిళం, సగం వంకర ఇంగ్లీషు కలిసిన ఆ పాటకు ఊళ్లు ఊగిపోయాయి. జావేద్ అఖ్తర్ అంతటి కవి, అందులో ఏముందని విసుక్కున్నారు. పిల్లలు మాత్రం వదల్లేదు. సోనూ నిగమ్ కొడుకు, ఇంకా చిన్నపిల్లాడు, తనకు పాలు కావాలని దానికి సొంత మాటలు కట్టి పాడాడు. ఆ మారాం పాట కూడా ఊరూరా తిరిగింది. అప్పుడు మీ బడుల్లో యూకేజీ చదివిన పిల్లలు ఇప్పుడు ఇంజనీరింగ్ కాలేజీల్లో ఉన్నారు. కొలవెరి వల్ల చెడిపోయినవాడు నాకైతే ఒక్కడూ కనపడలేదు.

ఇప్పుడు కుర్చీ దగ్గరకు వస్తాను.

ఆ మాట ఎక్కడ పుట్టిందో మీకు నేను చెప్పక్కర్లేదు. హైదరాబాదులో ఒక పెద్దాయన యూట్యూబ్ మైకు ముందు కోపంగా అన్న మాట. దాని వెనక కొస బూతు. ఊరంతా దాన్ని రీల్సులో తిప్పి నవ్వుకుంది. 2023 డిసెంబరు ఆఖర్లో తమన్ బాణీతో, రామజోగయ్య శాస్త్రి సాహిత్యంతో అది ‘గుంటూరు కారం’ పాటయింది. కొస తెంపి ముందు భాగం ఉంచారు. 2024 సంక్రాంతికి మహేశ్‌బాబు, శ్రీలీల ఆడితే థియేటర్లు ఊగాయి. నా కాలు కూడా ఆడింది, అబద్ధమెందుకు. అది యూ/ఏ సర్టిఫికెట్ సినిమా, పెద్దవాళ్లు టికెట్టు కొనుక్కుని చూసే సరదా. పాట కట్టినవాళ్లతో నాకు ఏ పేచీ లేదు. ఎనిమిదేళ్ల పిల్లకు జిగేలు లంగా వేసి, పెదాలకు రంగు పూసి, ఆ పాటకు నడుము తిప్పడం నేర్పినవాళ్లతోనే పేచీ.

అక్కడ జరిగిందేమిటో ఒకసారి నిదానంగా చూడండి. పిల్ల ముందు భాగానికి పెదాలు ఆడిస్తుంది. కింద కుర్చీల్లో కూర్చున్న నాలుగొందల మంది మనసులో మిగతా కొస పూర్తి చేసుకుంటారు. ఈల అక్కడ పడుతుంది. ఆ పిల్ల తన డ్యాన్సు బాగుందని ఈల వేశారనుకుంటుంది. ఇంటికొచ్చాక నా కూతురు, “అమ్మా, కుర్చీ మడతపెట్టి ఏం చేస్తారు?” అంది. “మూలన పెడతారు” అన్నాను. వాళ్ల నాన్న ఫ్యాను వైపు చూశాడు. బేబీ షార్క్ గురించి ఇంతవరకు నన్ను ఇబ్బంది పెట్టే ప్రశ్న ఒక్కటి కూడా రాలేదు. అవ్వ సొరకు పళ్లెందుకు లేవు అనేది తప్ప.

ఇది నేనొక్కదాన్నే అంటున్న మాట కాదు. టీవీ డ్యాన్స్ షోల్లో పెద్దల సినిమా స్టెప్పులు పసిపిల్లల చేత వేయించొద్దని, వాళ్లను అసభ్యంగా చూపించొద్దని కేంద్ర సమాచార ప్రసార శాఖ 2019 జూన్‌లోనే ఛానళ్లకు సలహా పంపింది. 2025 మార్చిలో తెలంగాణ మహిళా కమిషన్ సినిమా పాటల్లో అభ్యంతరకరమైన స్టెప్పుల మీద హెచ్చరిక జారీ చేసింది. అవి టీవీ వాళ్లకు, సినిమా వాళ్లకు. మీ స్టేజీ మీదికి ఏ కమిషనూ రాదు. మీ స్టేజీకి సెన్సార్ బోర్డు మీరే.

ఇంకొకటి కూడా కలిపి చెప్పేస్తాను, మళ్లీ మళ్లీ లేఖలు రాయలేను. కొండారెడ్డి బురుజు బొమ్మ ఫ్లెక్సీ మీద వేయించి, ముందు తెల్ల పంచెల్లో అయిదో తరగతి అబ్బాయిలను నిలబెట్టి, అట్టతో చేసి సిల్వర్ పేపరు అంటించిన వేటకొడవళ్లు ఇచ్చి, ఫ్యాక్షన్ పాటలకు ఆడించడం ఏ సంబరం? 1999లో ‘సమరసింహారెడ్డి’, 2002లో ‘ఇంద్ర’, 2003లో ‘ఒక్కడు’ మన సీమకు ఒక వేషం కుట్టిపెట్టాయి. బయటివాళ్లు ఆ వేషంలోనే మనల్ని చూస్తుంటే మనకు మండుతుంది. అదే వేషం డబ్బులు పెట్టి కుట్టించి మన పిల్లలకే తొడుగుతున్నాం. సీమ యాసతో ఆడించాలనుంటే కడప జిల్లా మనిషి పెంచల్ దాస్ ఉన్నాడు కదా. 2018లో ‘కృష్ణార్జున యుద్ధం’లో ఆయన రాసి పాడిన ‘దారి చూడు’కు, ఆ యాస ఎన్నడూ వినని ఊళ్లలో కూడా పిల్లలు గంతులేశారు. అదే ఏడు ‘అరవింద సమేత’లో కత్తికి బలైన ఇంట్లో ఆడవాళ్ల ఏడుపును పాట చేసిందీ ఆయనే. అది మాత్రం పిల్లలతో ఆడించే పాట కాదు. తేడా మీకు తెలుసు.

బేబీ షార్క్ ఒక్కటే పెట్టండి అని నేను అనడం లేదు. నిజానికి ఆ వీడియోను రోజూ వినీ వినీ నా తల కూడా వాచింది. నేను అడిగేదల్లా, ఎల్‌కేజీ, యూకేజీ, ఒకటి, రెండు తరగతులకు తలా తోకా లేని పాటలే ఇవ్వండి. ఉన్న పాటకు పిల్లల చేతే మాటలు కట్టించండి. కడప జిల్లా వాళ్లకైతే సొరచేప కోసం సియోల్ దాకా పోవాల్సిన పని కూడా లేదు. మనకు కలివికోడి ఉంది. 1848 ప్రాంతంలో జెర్డన్ అనే దొర లోకానికి చూపించిన పిట్ట. తర్వాత ఇక లేదు, అంతరించిపోయింది అని అందరూ అనుకున్నాక 1986లో సిద్ధవటం దిక్కు లంకమల అడవుల్లో మళ్లీ దొరికింది. దాని కోసం అక్కడ శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వెలిసింది. తెలుగుగంగ కాలువ దారి కూడా మళ్లించారు. పగలు కనపడదు, రాత్రి తిరుగుతుంది, టార్చి వేస్తే ముళ్లపొదల సందుల్లో పరిగెడుతుంది. పరుగు, దాక్కోవడం, చీకటి, టార్చి. పిల్లల పాటకు ఇంతకంటే ఏం కావాలి? పిల్ల కలివికోడి, అమ్మ కలివికోడి, నాయన కలివికోడి. జేజి కలివికోడికి మోకాళ్ల నొప్పులు, పరిగెత్తలేదు. ఇది మా అన్న కొడుకు కల్పన, నాది కాదు. కర్నూలు వాళ్లు రోళ్లపాడు బట్టమేక పిట్టను పెట్టుకోవచ్చు. మేమూ ఊరుకోం.

అర్థం కావాలని మరీ పట్టుబట్టే పేరెంట్స్ ఉంటారు, నాకు తెలుసు. వాళ్లే పదివేలు ఫీజు ఎక్కువ కట్టామని గుర్తు చేసేవాళ్లు కూడా. వాళ్లకు భగవద్గీత శ్లోకం ఒకటి, ఇంగ్లీషు స్పీచి ఒకటి పెట్టండి, సరిపోతుంది. స్టేజీ మీద అందరికీ చోటుంది.

ఆఖరుగా ఒక విన్నపం. మీరు ఏ పాట పెట్టినా, చిన్నపిల్లల ఐటమ్ ముఖ్య అతిథి ప్రసంగానికి ముందే పెట్టించండి. అయిదింటికే పిల్లలు మేకప్ వేసుకుని కూర్చుంటారు. ఆయన కారు ఆలస్యంగా వచ్చి, జ్యోతి వెలిగించి, శాలువాలు కప్పి, మెమెంటోలు ఇచ్చేసరికి ఎనిమిదిన్నర అవుతుంది. అప్పటికి సగం మంది నిద్రపోతుంటారు, మిగతా సగం ఒంటికి పోవాలంటారు. అతిథి నొచ్చుకుంటాడేమోనని భయపడకండి. ఆయన పక్క కుర్చీలోనే కూర్చోబెట్టి, చేతులతో తాత సొర ఎట్లా చేయాలో పిల్లలతో నేర్పించండి. ఫొటో బాగా వస్తుంది, పేపర్లో వేస్తారు.

ఇట్లు,
ఒక యూకేజీ పిల్ల తల్లి,
కర్నూలు